హర్షం రద్దయిన గురువారం

ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపిస్తే, "అంకుల్, మీ రోజుల్లో పని ఎలా ఉండేది?" అని అడుగుతున్నారు. మా రోజులంటే టైపు మిషన్ల కాలమని వాళ్ళ ఉద్దేశం కాబోలు. నేను రిటైరై ఎంతో కాలం కాలేదు. నా చివరి ఉద్యోగంలో నేను పని చేస్తున్నానో లేదో తేల్చి చెప్పింది ఒక ఫోను. అది నా ఫోను కూడా కాదు, మా చైర్మన్‌గారిది. మీరూ రేపో మాపో అలాంటి ఫోను కింద పనిచేయబోయేవాళ్ళే కనుక ఆ సంగతి మీకు చెప్పి ఉంచడం మంచిది.

పత్రికలో డెస్కు మీద జుట్టు నెరిసేదాకా పనిచేశాక, గుంటూరులో ఒక రైతు సేవా సంస్థలో చేరాను. మిర్చి, పత్తి రైతులకు సలహాలివ్వడం ఆ సంస్థ ఆశయం. ఆశయాన్ని ఫ్రేము కట్టి రిసెప్షన్ గోడకి తగిలించారు. సలహాలు మాత్రం ఒక బ్లాగులో ఉండేవి. ఆ బ్లాగు రాయడం నా పని.

మొదటి ఏడాది నన్నెవరూ పట్టించుకోలేదు కనుక పని బాగా జరిగింది. పొద్దున్నే వాతావరణ కేంద్రంలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసేవాణ్ణి. పొలాల్లో తిరిగే మా వాళ్ళని అడిగేవాణ్ణి. చెప్పదగింది ఉంటే రాసేవాణ్ణి, లేకపోతే లేదు. ఏ మండలాల్లో మబ్బు పట్టింది, ఏ పురుగు కనిపించింది, కోసిన మిర్చిని కళ్లాల్లో ఆరబోసుకోవచ్చా, కూడదా, అంతవరకే. రైతులు చదివారు. ఒకళ్ళిద్దరు ఫోన్ చేసి, "మీరు చెప్పినట్టే అయింది సారూ" అన్నారు. పత్రికలో అన్నేళ్ళు పనిచేసినా ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

ఇంత సవ్యంగా జరిగే పనిని ఎవరో ఒకరు సంస్కరించకుండా ఉండరు కదా. రెండో ఏడాది మాకొక మేనేజరుగారు వచ్చారు. వయసులో నాకంటే చాలా చిన్నవారు, మాటల్లో చాలా పెద్దవారు. నన్ను "గురువుగారూ" అని పిలిచేవారు. గురువుగారూ అని పిలిచేవాళ్ళు మన మాట వింటారని అప్పటిదాకా నేను అమాయకంగా అనుకుంటూ ఉండేవాణ్ణి.

మా చైర్మన్‌గారు జిన్నింగు మిల్లుల్లో సంపాదించిన మనిషి. వయసు మీద పడ్డాక, పత్తి పండించినవాళ్ళకి ఏదైనా తిరిగి ఇవ్వాలనిపించి ఈ సంస్థ పెట్టారు. తాడేపల్లిలో కృష్ణ కనిపించే అపార్టుమెంటులో ఉండేవారు. నెలకోసారి ఆఫీసుకి ఫోన్ చేసి, "ఏం చేస్తున్నారయ్యా మీరంతా?" అని అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా మేనేజరుగారు చైర్మన్‌గారి ఫోనులో ఒక ఏర్పాటు చేయించారు.

ఆ ఏర్పాటు పేరు క్యాలెండర్ ఫీడు. ఫోనులో ఉంటుందే, నెల మొత్తం గళ్ళుగళ్ళుగా కనిపించే క్యాలెండరు, దానికి మా బ్లాగుని ఒక లింకుతో కలిపారు. మేం బ్లాగులో ఏది పెట్టినా ఆ తేదీ గడిలో నీలం రంగు పట్టీ ఒకటి దానంతటది వచ్చి కూర్చుంటుంది, మీద శీర్షికతో సహా. చైర్మన్‌గారు పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోను తీసి చూస్తే చాలు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. పట్టీ ఉంటే పని జరిగినట్టు. లేకపోతే మేం ఆఫీసులో పేకాడుతున్నట్టు.

మొదటి వారంలోనే ఫోనొచ్చింది.

"ఏమయ్యా, మంగళవారం ఖాళీగా ఉందే? సెలవా?"

"కాదండీ, మంగళవారం చెప్పడానికి ఏమీ లేదండీ," అన్నాను.

"చెప్పడానికి ఏమీ లేకపోవడమేంటయ్యా? ఇన్ని లక్షల ఎకరాలుంటే!"

ఆ రోజునుంచి మా సంస్థ ఆశయం మారింది. రైతుకి సలహా ఇవ్వడం కాదు, గడి నింపడం. గోడమీది ఫ్రేము మాత్రం మార్చలేదు, ఖర్చు దండగని.

నేను ఒక్కణ్ణే రాస్తున్నాను కనుక గళ్ళన్నీ నిండే దారి లేదు. మేనేజరుగారు దారి కనిపెట్టారు. నిరుడు నేను రాసినవన్నీ తీసి, తేదీలు మార్చి, ఈ ఏడు అదే వారంలో అదే రోజున వాటంతటవే వెలువడేలా ముందే పెట్టేశారు. ఆఫీసు కంప్యూటర్లో నేను చూసేసరికి మార్చి చివరిదాకా గళ్ళు నిండిపోయాయి. సత్రం భోజనాల్లో విస్తళ్ళు పరిచినట్టు నీలం పట్టీలు పరుచుకుని ఉన్నాయి.

"సార్, ఇందులో వాతావరణం కూడా ఉందండి. నిరుటి వాతావరణం," అన్నాను.

"ఫిబ్రవరి ఫిబ్రవరే కదా గురువుగారూ! మన దగ్గర ఫిబ్రవరిలో వాన ఎప్పుడు పడింది చెప్పండి?"

"పడ్డప్పుడు పడిందండి."

ఆయన పెద్దగా నవ్వారు. నేను జోకేశాననుకున్నారు. పక్క సీట్లో ఉన్న భాయ్ కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు వేరు.

భాయ్ అంటే మా కంప్యూటర్లు చూసే ఆయన. మార్టూరు వైపు మనిషి. అక్కడ గ్రానైటు పాలిషింగు యూనిట్లలో కంప్యూటర్లు చూసి చూసి, ఆ రాతిపొడి ఊపిరితిత్తులకి పడక మా దగ్గరికి వచ్చాడు. అక్కడ దుమ్ము కళ్ళకి కనపడేదని, ఇక్కడ కనపడదని అంటుండేవాడు. ఏ పని చెప్పినా ముందు అందులో ఉన్న తిరకాసు చెప్పేవాడు. తర్వాత చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. తిరకాసు చెప్పినప్పుడు ఎవరూ వినేవారు కాదు.

చైర్మన్‌గారికి నిండిన గళ్ళు నచ్చాయి. ఇంకో కోరిక పుట్టింది. జరిగిపోయినవే కాదు, రాబోయే వారంలో ఏమేం వస్తాయో కూడా కనిపిస్తే బాగుంటుందన్నారు. మేనేజరుగారు భాయ్‌ని పిలిచి చెప్పారు.

"పెడతానండీ. కాకపోతే ఇది ఒకటే లింకు. ఆయనకి కనపడితే రైతులకీ కనపడుద్ది," అన్నాడు భాయ్. అప్పటికే ఆ లింకు బ్లాగులో పెట్టి, రైతు సోదరులు కూడా తమ ఫోన్లలో కలుపుకోవచ్చని ప్రకటించి ఉన్నాం.

"కనపడితే ఏమవుతుంది భాయ్? మన ప్లానింగు చూస్తారు. సంతోషిస్తారు."

"మీ ఇష్టం సార్," అని పెట్టేశాడు.

నిజానికి ఎంతమంది రైతులు కలుపుకున్నారో మాకు తెలియదు. ఒకావిడ కలుపుకున్నారని మాత్రం నాకు తెలుసు. సత్తెనపల్లి పక్క ఊరు. భర్త లారీ మీద దేశాలు తిరుగుతుంటే మిర్చి సేద్యమంతా ఆవిడే చూసుకునేవారు. మొదటి ఏడాదినుంచీ నేను రాసిందల్లా చదివి, అర్థం కాకపోతే ఫోన్ చేసి అడిగేవారు. అర్థమైనా ఒక్కోసారి ఫోన్ చేసి, "ఇది కాస్త సులువుగా రాయకూడదా అన్నయ్యగారూ?" అని నాకు పాఠం చెప్పేవారు. ఆవిడ ఫోను క్యాలెండర్లో గ్యాసు బుకింగూ, డ్వాక్రా మీటింగూ, మా సలహాలూ పక్కపక్కనే ఉండేవి. గ్యాసు మాత్రం ఎప్పుడూ చెప్పిన రోజున రాలేదని ఒకసారి అన్నారు. మా సలహా అలా కాదట. ఆ మాటకి నేను చాలా పొంగిపోయాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక పొద్దున ఆవిడ ఆ రోజు గడి తెరిచి చూస్తే మా పట్టీ ఉంది. "వచ్చే మూడు రోజులు పొడి వాతావరణం. కళ్లాల్లో మిర్చి మీది పట్టాలు తీసేసి కాయని బాగా ఆరనివ్వండి."

కళ్లం అంటే తెలుసుగా, కోసిన కాయ ఆరబోసే చోటు. పట్టా అంటే దాని మీద కప్పే టార్పాలిన్. ఆ ఊళ్ళో ఆవిడ కళ్లమూ, ఆవిడ మరిది కళ్లమూ, ఇంకో నలుగురివీ వరసగా ఉంటాయి. ఆ రోజు తూర్పున కాస్త మబ్బు ఉందట. టీవీలో కూడా అక్కడక్కడా జల్లులన్నారట. మరిది పట్టాలు తీయనన్నాడు. ఆవిడ వినలేదు. "టీవీ వాళ్ళు రాష్ట్రమంతటికీ కలిపి చెబుతారు. వీళ్ళు మన మండలాలకే చెబుతారు. నిరుడు ఒక్కసారన్నా తప్పిందా?" అని వరసంతా తిరిగి చదివి వినిపించారు. అందరూ పట్టాలు తీసేశారు. మరిది కూడా తీశాడు.

తెల్లవారే లోపల వాన పడింది. జల్లు కాదు, కళ్లాల్లో నీళ్ళు నిలిచేంత వాన.

తడిసిన మిర్చి సంగతి ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను. రంగు పోతుంది. బూజు పడుతుంది. తెల్లమచ్చలు తేలి, ఏడాది కష్టమంతా ధర పలకని తాలుకాయ లెక్కలోకి పోతుంది. ఎర్రగా మెరవాల్సిన కాయ పాత గోనెసంచి రంగుకి దిగుతుంది.

పొద్దున్నే ఆవిడ ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"వాన పడింది అన్నయ్యగారూ," అన్నారు. తర్వాత, "నా కాయ పోతే పోయింది. నా మాట విని వాళ్ళు పట్టాలు తీశారు. ఇప్పుడు మా మరిది నా మొహం చూట్టం లేదు. కళ్లంకాడ ఎవరూ నాతో మాట్లాట్టం లేదు. మీరు చెప్పారనేగా నేను చెప్పింది?" అన్నారు.

ఆ పోస్టు నిరుటిదని ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. "నేను కనుక్కుని చెబుతానమ్మా," అని పెట్టేశాను. ఏం కనుక్కుంటాను? అక్షరం అక్షరం నాదే. నిరుడు ఆ పొద్దున్నే ఇద్దరికి ఫోన్ చేసి మరీ రాసిన వాక్యాలు.

మేనేజరుగారికి చెబితే ఆయన ఏమాత్రం చలించలేదు. సమస్య వచ్చిందంటే ఆయనకి ఒక కార్యక్రమం దొరికినట్టే. "గురువారం ఆ ఊళ్ళోనే రైతు ముఖాముఖి పెడదాం. షామియానా, కుర్చీలు, టిఫిన్ ప్యాకెట్లు. రైతుకి గౌరవం ఇస్తే కోపం పోతుంది," అన్నారు. టిఫిన్ ప్యాకెట్లో ఏముండాలన్న దాని మీద ఆ రోజంతా చర్చ జరిగింది. తడిసిన మిర్చి మీద జరగలేదు.

సోమవారం ఆవిడ మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట అడగనా? గురువారం మీటింగులో నేను సంతోషించానంట. ఎందుకు సంతోషించానో కాస్త ముందే చెబుతారా?"

నాకర్థం కాలేదు. ఆవిడే చదివి వినిపించారు. గురువారం గడిలో, సాయంత్రం వేళకి: "విజయవంతంగా ముగిసిన ముఖాముఖి. సందేహాలన్నీ తీరాయని హర్షం వ్యక్తం చేసిన రైతులు. ప్రత్యేక కృతజ్ఞతలు తెలిపిన మహిళా రైతులు."

"మా ఊళ్ళో మీటింగులకి వచ్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే," అన్నారావిడ. "అందుకని నేనే అనుకున్నా."

మేనేజరుగారు గురువారం సాయంత్రం హడావిడి పడకూడదని, ఇంకో ఊళ్ళో జరిగిన సభ నివేదికలో ఊరి పేరు మార్చి, ముందే తేదీ వేసి పెట్టేశారు. దూరదృష్టి గల మనిషి. ఆ దృష్టి ఊరి వాళ్ళందరి ఫోన్లలోకీ వెళ్ళి కూర్చుంటుందని మాత్రం ఊహించలేదు. ఆవిడ ఒక్కరే కాదు, అప్పటికి ఆవిడతో మాట్లాడనివాళ్ళు కూడా ఆ లింకు కలుపుకుని చూస్తున్నారని తర్వాత తెలిసింది. ఏదైనా ఊరంతా చదవాలంటే నేను రాయనక్కర్లేదు, నేను రాయనిది ఉంటే చాలు.

ఆఫీసులో గగ్గోలు పుట్టింది. "తీసెయ్ భాయ్! ఇప్పుడే తీసెయ్!" అని మేనేజరుగారు భాయ్ కుర్చీ వెనకాల నిలబడ్డారు.

"తీసేస్తే మన దగ్గర పోద్ది సార్. వాళ్ళ ఫోన్లలో ఎప్పుడు పోద్దో మన చేతిలో లేదు. ఉన్నా ఉంటది. లేదా రద్దు చేసినట్టు పంపొచ్చు. అదైతే ఫోనే గీత కొట్టి చూపిస్తది. కాకపోతే..."

"కాకపోతే గీకపోతే వద్దు. ఏదో ఒకటి చెయ్యి!"

భాయ్ చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. సాయంత్రానికి పల్నాడులో మా లింకు ఉన్న ప్రతి ఫోనులోనూ గురువారం గడిలో ఒక గీత, దాని పక్కన ఒక మాట వచ్చాయి. "రద్దు: హర్షం వ్యక్తం చేసిన రైతులు."

మేనేజరుగారు ఆ రోజు భోజనం చేయలేదు. మర్నాడు తాడేపల్లి నుంచి ఫోనొచ్చింది. చైర్మన్‌గారు అన్ని నెలల్లో మొదటిసారిగా ఒక శీర్షిక చదివారు, దాని మీద గీత కొట్టి ఉంది కనుక.

"ఎవరయ్యా రద్దు చేసింది? ఎందుకు రద్దు చేశారు? గురువారం నేనూ వస్తున్నా."

గురువారం మేం వెళ్ళేసరికి స్కూలు ముందు షామియానా వేసి ఉంది. కుర్చీలు ఉన్నాయి. మనుషులు లేరు. ఒకతను వచ్చి, "అందరూ కళ్లం కాడున్నారు. అక్కడికే రమ్మన్నారు," అని చెప్పి మా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మేం కూడా వెళ్ళాం. చైర్మన్‌గారు తెల్ల పంచె, తెల్ల చొక్కా. కళ్లంలో అడుగు పెట్టగానే మిర్చి ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి. ఒక పక్క కాస్త బాగున్న కాయ ఉంది. ఇంకో పక్క మచ్చలు తేలిన కాయ కుప్పగా పోసి ఉంది. ఆ కుప్ప మా కోసమే పోశారని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ అందరికీ కొంచెం ఎడంగా నిలబడ్డారు. అందరూ నిలబెట్టారనాలి.

మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. "రైతు సోదరులారా, ప్రపంచవ్యాప్తంగా వాతావరణంలో వస్తున్న మార్పుల కారణంగా..."

"ఏందయ్యా అది?" అన్నాడు ముందు వరసలో ఒకతను. పొడుగాటి మనిషి, చేతులకి ఎర్రటి మిరప దుమ్ము. ఆవిడ మరిది అని తర్వాత తెలిసింది. "ప్రపంచం సంగతి ఎవడడిగాడు? మా సంతోషం ఎందుకు రద్దు చేశారో అది చెప్పు ముందు!"

కళ్లమంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, "ఒరేయ్, వాయిదా వేశారేమోరా!" అన్నారు. ఇంకా నవ్వారు. మేనేజరుగారు కూడా నవ్వబోయారు. అదే పొరపాటు.

"నవ్వులాటగా ఉందా?" అని అతను కుప్పలోంచి దోసెడు కాయ తీసి ఆయన మొహం ముందు పెట్టాడు. "చూడు. ఇది నాది. పట్టా కప్పి ఉన్న కాయ మీద పట్టా తీయించారు. ఎవరు రాశారు అది?"

నవ్వులు ఆగిపోయాయి. మేనేజరుగారు ఒకసారి కాయ వైపు, ఒకసారి చైర్మన్‌గారి వైపు, తర్వాత నా వైపు చూశారు.

"అది మా గురువుగారు రాసిందేనండి," అన్నారు.

అబద్ధం కాదు. ఉద్యోగంలో మనకి తగిలే గట్టి దెబ్బలన్నీ నిజాలతోనే కొడతారని మీరు గుర్తుపెట్టుకోండి. అందరూ నన్ను చూశారు. ఆవిడ కూడా చూశారు. ఆ చూపు నాకు చాలా కష్టంగా అనిపించింది.

"నేను రాసిందే," అన్నాను. "నిరుడు రాశాను. నిరుడు వాన పడలేదు."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. ముందు ఆవిడకే అర్థమైంది. "అంటే మేం నిరుటి మాట విని తీశామా పట్టాలు?"

"అవునమ్మా."

"మరి ఈ ఏడు ఎవరూ చూళ్ళేదా ఆకాశం?"

ఆవిడ చైర్మన్‌గారి వైపు తిరిగారు. "అయ్యా, పెద్దవాళ్ళు మీరు. మీరన్నా చదివారా అది?"

"రోజూ చూస్తానమ్మా నేను," అన్నారాయన, తుమ్ము ఆపుకుంటూ.

"చూట్టం కాదండీ. చదివారా?"

ఆయన ఫోను చేతిలోనే ఉంది. దాని వంక చూశారు. నాకు ఆయన మీద చాలా ఫిర్యాదులున్నాయి కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అబద్ధమాడలేదు. "లేదమ్మా. పట్టీ ఉందా లేదా అని చూశానంతే. గళ్ళు నింపమని చెప్పింది నేనే," అన్నారు.

తర్వాత ఏం కావాలో చెప్పమని ఆయనే అడిగారు. ఒకతను పట్టాలు కావాలన్నాడు, ఒకతను టిఫిన్ ప్యాకెట్లు ఇక్కడికి తెప్పించమన్నాడు. ఆవిడ మాత్రం నా దగ్గరికి వచ్చి, "మీరు రాయండి. ఎక్కడ తప్పు రాశారో అక్కడే రాయండి. ఇప్పుడే, ఇక్కడే. రాసి చదవండి," అన్నారు.

మిర్చి బస్తా మీద కూర్చుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా ఫోనులోనే బ్లాగుకి రాశాను. పశ్చాత్తాపం వల్ల కాదు, ఘాటు వల్ల. లేచి చదివాను. ఫలానా రోజు మేం పెట్టిన వాతావరణ సమాచారం ఆ రోజుది కాదని, కిందటి ఏడాదిదని, దాన్ని నమ్మి పట్టాలు తీసిన రైతుల కాయకి కొంత నష్టం జరిగిందని, ఆ కబురు తోటివాళ్ళకి చదివి వినిపించిన రైతు తప్పు ఇందులో ఏమీ లేదని, తప్పంతా మాదేనని.

"'కొంత' తీసెయ్," అన్నాడు మరిది.

తీసేశాను.

"గురువుగారూ, చివర్లో 'అయినప్పటికీ రైతులు సంస్థ పట్ల...' అని ఒక్క వాక్యం..." అని మేనేజరుగారు చెవిలో అన్నారు.

"నువ్వు కాసేపు ఊరుకోవయ్యా," అన్నారు చైర్మన్‌గారు. ఘాటుకి ఆయన గొంతు పోయింది, అయినా బాగానే వినపడింది.

నేను రాసినదాన్ని జనం మధ్య నిలబడి చదివి, వాళ్ళు దిద్దాక ప్రచురించడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే. పత్రికలో ఇలాంటి పద్ధతి ఉంటే మేం రోజూ తెల్లకాగితాలే అమ్మేవాళ్ళం.

అందరూ కదిలారు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు మరిది మళ్ళీ అడిగాడు, ఈసారి అరవకుండా: "సరే, అదంతా అయింది. మిగిలిన కాయ ఆరబోయాలి. రేపటి సంగతేంది?"

మేనేజరుగారు చటుక్కున ఫోను తీశారు. శుక్రవారం గడిలో ఏదో ఉండే ఉంటుంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. ఒక మేనేజరు చెయ్యి పట్టుకోవడం కూడా నాకు అదే మొదలు, అదే ఆఖరు.

"నాకు తెలియదండీ. కనుక్కుని సాయంత్రం చెబుతాను," అన్నాను.

మా మేనేజరుగారు ఏమయ్యారని అడుగుతారు. ఏమీ కాలేదు. కొన్నాళ్ళకి హైదరాబాదులో ఇంకా పెద్ద సంస్థ ఆయన్ని ఇంకా పెద్ద పదవిలోకి తీసుకుంది. ముందే ఆలోచించే మనిషి అని అక్కడ మంచి పేరట. చైర్మన్‌గారు క్యాలెండరు చూడటం మానలేదు. కానీ పట్టీ మీద వేలు పెట్టి తెరిచి చదవడం మొదలుపెట్టారు. దానివల్ల నాకు తిప్పలు పెరిగాయి. అక్షరదోషాలు కూడా చెప్పేవారు. రాబోయే వారం తాలూకు పట్టీలన్నిటినీ భాయ్ తీసేశాడు. ఈసారి అందులో తిరకాసేమీ లేదన్నాడు.

ఆ గురువారం సాయంత్రం వాతావరణ కేంద్రంలో పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఫరవాలేదని, ఆ తర్వాత మాత్రం చెప్పలేమని అన్నాడు. ఆవిడకి ఫోన్ చేసి అదే చెప్పాను.

"చెప్పలేమన్నారా?" అన్నారావిడ. "అట్టా కూడా రాయొచ్చా మీ దాంట్లో?"

"రాయొచ్చమ్మా."

"మరి ఎప్పుడూ రాయలేదే?"

మర్నాడు పొద్దున్నే రాశాను. "మధ్యాహ్నం దాకా ఆరబోసుకోండి. తర్వాత చెప్పలేం, పట్టాలు దగ్గర పెట్టుకోండి." ఇది శీర్షికలా లేదని మేనేజరుగారు అన్నారు. నిజమే, లేదు. అయినా గడిలో పట్టీ వచ్చింది.

మధ్యాహ్నం నుంచి నేను ఆఫీసు కిటికీ దగ్గరే నిలబడ్డాను. గుంటూరు మీద మబ్బు దిగింది. గాలి లేచింది. భాయ్ టీ తెచ్చి ఇచ్చి పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి మబ్బు చెదిరిపోయింది. ఎండ కాసింది. వాన పడలేదు.

సాయంత్రం ఆవిడ ఫోన్ వచ్చింది. ఎత్తడానికి భయమేసింది. ఈసారి అనవసరంగా పట్టాలు కప్పించి ఉంటాను కదా.

"వాన పడలేదు అన్నయ్యగారూ. అందరం కప్పాం, మళ్ళీ తీశాం. దానికేంలే," అన్నారు. వెనకాల ఎవరో మగమనిషి గట్టిగా ఏదో చెబుతున్నాడు. "ఉండు మరిదీ, అడుగుతున్నాగా!" అని అటు కసిరి, ఇటు నాతో అన్నారు. "మా మరిది అడగమంటున్నాడు. రేపటి సంగతేంటి?"